బోర్డు వెనక మనుషులు

కౌంటీ వాళ్ళు బోర్డు పాతిన పూట సత్యం తోట నీళ్ళ వాల్వు దగ్గర వంగి ఉన్నాడు.

తెల్ల పికప్పు ఒకటి వచ్చి రోడ్డు వారన ఆగింది. ఇద్దరు మనుషులు దిగి రెండు గుంజలు నేలలోకి దిగ్గొట్టారు. వాటికి పసుపు రంగు బోర్డును అడ్డంగా మేకులేసి బిగించారు. బోర్డు ముఖం రోడ్డు వైపు, వీపు క్యాంపు వైపు. ఆ రోడ్డు మీద కార్లు బుల్లెట్లలా పోతాయి. అక్కడ ఆగి చదివే మనిషి లేడు. చదవాల్సిన వాళ్ళున్న వైపు మాత్రం ఒట్టి చెక్క, బయటికి పొడుచుకొచ్చిన మేకు మొనలు.

"ఏంటది?" అని అడిగాడు సత్యం, తోటలో నేర్చుకున్న ఇంగ్లీషులో.

"పబ్లిక్ నోటీసు" అన్నాడు అందులో పెద్దవాడు, మర్యాదగానే. సుత్తి బండి వెనకాల పడేసి వెళ్ళిపోయారు.

పబ్లిక్ అంటే ఎవరో సత్యం అడగలేదు. అడిగే అలవాటు లేని మనిషి అతను. చాట్రాయి పక్క మామిడి తోటల్లో నీళ్ళు కట్టి పెరిగాడు. తనను పిలిపించుకోవడానికి చెల్లెలు పెట్టిన కాగితం కదలడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టి, వీసా వచ్చేసరికి తల నెరిసింది. ప్లేనోలో చెల్లెలింట్లో కొన్నాళ్ళున్నారు అతనూ, భార్య మంగతాయారూ. ఆ ఇంట్లో కూచోవాలన్నా ఏ కుర్చీలో కూచోవాలో తెలిసేది కాదు. కాలిఫోర్నియా లోయలో బాదం తోటలకు నీళ్ళు పెట్టే పని ఉందంటే వచ్చేశాడు. నీళ్ళు పెట్టడానికి భాష అక్కర్లేదు.

తోట చివర, వాగు ఎండిన గట్టు పక్కన క్యాంపు. ఒకప్పటి ఆసామి కోతలప్పుడు కూలీలు తలదాచుకోవడానికి పాత ట్రెయిలర్లు తెచ్చి నిలబెట్టాడు. కోతలైపోయాక కూలీలు పోలేదు. పోవడానికి ఇంకో చోటు ఉంటే గదా. మెక్సికో వాళ్ళు, పంజాబీలు, ఒకటో రెండో తెలుగు కొంపలు. ట్రెయిలర్లు వాళ్ళు డబ్బిచ్చి కొనుక్కున్నవే, కింది నేల మటుకు ఆసామిది. ట్రెయిలర్లకి చక్రాలున్నాయి గానీ అవి ఎప్పుడో మట్టిలో కూరుకుపోయాయి.

ఆసామి చనిపోయాడు. కొడుకులు తోటనీ క్యాంపునీ కలిపి అమ్మేశారు. కొన్నది శాన్ రామన్‌లో ఉండే తెలుగు వాళ్ళు, నలుగురైదుగురు కూడి ఒక కంపెనీ పెట్టుకుని కొన్నారు. ఆ సంగతి తెలిసినప్పుడు మంగతాయారు సంబరపడింది. "మనోళ్ళేనంట" అని క్యాంపంతా చెప్పుకొచ్చింది.

సాయంత్రం బట్టలుతికే షెడ్డు దగ్గర జనం పోగయ్యారు. రాకేష్ ఫోనులో బోర్డు ఫోటో తీసుకొచ్చాడు. కరీంనగర్ పిల్లాడు. చదువుకి వచ్చి, చదువు మధ్యలో ఆగి, కాగితాలు గడువు దాటిపోయి, రోడ్డు మీద పెట్రోలు బంకులో పని చేస్తున్నాడు. ముప్ఫై దాటినా సత్యానికి పిల్లాడే.

"గోదాం కడ్తరంట బాబాయ్. బాదంపప్పు పెట్టే చల్లని గోదాం, లారీలు ఆగే జాగ. ఈ జాగల్నే."

"ఈ జాగాలో అంటే మన మీదా?" అంది మంగతాయారు.

"మన మీద కాదు పిన్నీ, మనం ఉంటే గద. 'ప్రస్తుత వినియోగం, ఖాళీ స్థలం' అని రాసిన్రు ఇక్కడ."

"ఖాళీయా? మరి నేను బట్టలెక్కడ ఆరేత్తన్నాను, గాల్లోనా?"

నవ్వారు కొందరు. డొలోరెస్ నవ్వలేదు. ఆ క్యాంపులో అందరికన్నా పాతది ఆమె. ఫ్యాక్టరీలో బాదంపప్పు ఏరే బెల్టు మీద చేతులు అరగదీసుకున్న మనిషి. స్పానిష్, ఇంగ్లీషు, పంజాబీ తిట్లు కలిసిన ఒక భాష మాట్లాడుతుంది, క్యాంపులో అందరికీ అర్థమవుతుంది.

"మనం మ్యాపులో లేం" అంది. "లేం కాబట్టే ఇన్నాళ్ళున్నాం. కౌంటీ ఆఫీసు వాళ్ళకి తలుపు తీయొద్దు. మా అక్క క్యాంపులో తీశారు. ఆ క్యాంపు ఇప్పుడు లేదు."

"అట్లని గమ్మునుంటే గోదాం మన మీద్కెల్లే లేస్తది" అన్నాడు రాకేష్.

వాదన పెరిగింది. పంజాబీ ముసలాయన ఒకడు వకీలు అన్నాడు. ఇంకెవరో చర్చి అన్నారు. అప్పుడు సత్యం గొంతు సవరించుకున్నాడు. ఎప్పుడూ మాట్లాడనివాడు మాట్లాడబోతుంటే జనం ఆగారు.

"మా ఊళ్ళో ఒకేడు కాలవ నీళ్ళు మా చివరి చేలకి రాలేదు. కాగితాల మీద వచ్చినట్టే ఉంది. ఎమ్మార్వోని జీపు దింపి చేలో నడిపించాం. బీటల్లో కాలు పడింది ఆయనకి. మళ్ళీ వంతుకి నీళ్ళొదిలారు. కాగితం చూసేవాడికి ఇది ఖాళీయే. కళ్ళతో చూస్తే మనుషులు కనపడతారు. ఆఫీసరుని పిలుద్దాం. మన కష్టం చూపిద్దాం."

రాకేష్ దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. చేతులు లేచాయి. డొలోరెస్ చెయ్యి లేవలేదు.

కౌంటీ ప్లానింగ్ డిపార్ట్‌మెంట్ అంటే ఏదో పెద్ద కచేరీ అనుకున్నాడు సత్యం. కాదు. పట్నంలో కోర్టు వెనక పొడుగాటి గది, ఒక కౌంటర్, దాని మీద మోగించే గంట. ముందు ఒక ముసలి రైతు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. గొడ్ల కొట్టం కంచెకు ఎంత దూరంలో ఉండాలో అడుగుతున్నాడు. ఆ ఆఫీసులో పని అంతా అలాంటిదే. బోరు ఎక్కడ వేయొచ్చు, ఇల్లు ఏ నేల మీద లేవొచ్చు, ఏ నేల మీద లేవకూడదు. ఎవరు ఎక్కడ బతకాలో అక్కడ గీత గీస్తారు. గోడ నిండా మ్యాపులు, రంగురంగులవి, బొంతల్లాంటివి.

కౌంటర్ వెనక అమ్మాయి సత్యం, మంగతాయారుల మాటలు విని తలెత్తింది.

"మీరు... తెలుగా?"

మంగతాయారు కౌంటర్ మీద సగం వంగిపోయింది. "ఎవరమ్మాయివే తల్లీ నువ్వు?"

"నా పేరు అనిక. మా పేరెంట్స్ గుంటూర్. నేను ఇక్కడే, శాన్ రామన్‌లో పుట్టాను, ఆంటీ." మాటల చివర్లు ఆ పిల్ల నోట్లో మెత్తగా విరిగిపోతున్నాయి. "నా తెలుగు కొంచెం బ్యాడ్."

"బాగానే ఉందమ్మా. వంటదీ నువ్వే చేసుకుంటున్నావా? చిక్కిపోయావు" అంది, ఆ పిల్లను అంతకుముందు ఎన్నడూ చూడకపోయినా.

కౌంటీలో తమ క్యాంపున్న సగానికి ఆఫీసరు ఆ పిల్లేనని తెలిసి సత్యానికి గుండె నిండింది. దేవుడున్నాడు అనుకున్నాడు.

అనిక కంప్యూటరు అతని వైపు తిప్పింది. ఆకాశం నుంచి తీసిన ఫోటో. తోట పచ్చగా, గీతలు గీతలుగా. చివర లేతాకుపచ్చ ముక్కలో, చెట్ల నీడలో తెల్లటి చుక్కలు.

"ఇవి... ఎక్విప్‌మెంట్ స్టోరేజ్ అని ఉంది అంకుల్. ట్రాక్టర్లు, అలాంటివి పెట్టేది."

"అది మా ఇల్లమ్మా" అంది మంగతాయారు, తెర మీద వేలు ఆనించి. "ఇదిగో, నీలంగా కనపడతంది చూడు, అది మా నీళ్ళ డ్రమ్ము."

అనిక చాలాసేపు ఆ నీలం చుక్కనే చూసింది.

"నువ్వోసారి వచ్చి చూడమ్మా" అన్నాడు సత్యం. "వచ్చి చూస్తే నీకే తెలుస్తుంది."

"నేను వస్తే, అంకుల్..." ఆ పిల్ల వెనక అద్దాల గది వైపు చూసింది. అందులో పై ఆఫీసరు ఫోనులో ఉన్నాడు. "వస్తే చూసింది రాయాలి. అంతా రాయాలి. నాకు చాయిస్ లేదు."

"అదే కావాలమ్మా. చూసిందే రాయి."

ఆ పిల్ల ఏదో చెప్పబోయింది. ఇంకోసారి అద్దాల గది వైపు చూసి, తేదీ చెప్పింది.

ఆ రోజు క్యాంపు ఊడ్చి నీళ్ళు చల్లారు. మంగతాయారు పులిహోర కలిపింది. డొలోరెస్ మాత్రం తలుపేసుకుని లోపలే ఉండిపోయింది. అనిక వచ్చింది, కాళ్ళకి బూట్లు, తలకి హెల్మెట్, చేతిలో పలక లాంటి కంప్యూటరు. మంగతాయారు ఆ పిల్లను కుర్చీలో కూచోబెట్టి టీ ఇచ్చింది. పాలు ఎక్కువేసి, యాలక్కాయ దంచి.

"చాలా బాగుంది ఆంటీ" అంది అనిక. నిజంగానే అంది.

తరవాత సత్యం లేచాడు. చూపించడం మొదలుపెట్టాడు.

ఆఫీసరు వస్తే ఇంట్లో బాగున్నవి దాచి, బాగాలేనివి ముందు పెట్టాలి. అది చాట్రాయిలో అందరికీ తెలుసు. కూలిన గోడ చూపిస్తే ఇల్లు మంజూరవుతుంది. మంచి గోడ చూపిస్తే ఎవరేం ఇస్తారు? ఆ లెక్కే ఇక్కడా నడుస్తుందనుకున్నాడు. ఆ లెక్కే క్యాంపంతా చెప్పి పెట్టాడు.

కాబట్టి జనం తమ కష్టాలన్నీ తలుపు బయట పెట్టుకుని నిలబడ్డారు. కార్మెన్ అనే ఆమె చాప ఎత్తి కింద కుళ్ళిన చెక్క చూపించింది. పంజాబీ ముసలాయన ట్రెయిలర్ వెనకకు తీసుకెళ్ళి మురుగు ఊరుతున్న చోట నిలబెట్టాడు. "వాసన చూడు బేటీ, పీల్చు" అన్నాడు. ఒక ట్రెయిలర్ నుంచి ఇంకో ట్రెయిలర్‌కి కిటికీల మీదుగా లాగిన కరెంటు వైరు చూపించారు. చంటిబిడ్డల పక్కనే గ్యాసు సిలిండరు పెట్టుకుని వండుకోవాల్సొస్తోందని చూపించారు. మంగతాయారు తన రేకుల వసారా చూపించింది. "మీ అంకులే ఏశారమ్మా సొంతంగా. వానొస్తే అంతా కారిపోద్ది."

చివర సత్యం తన పైపు చూపించాడు. క్యాంపు బోరు ఎండినప్పుడు, తోటకు నీళ్ళిచ్చే బోరు నుంచి మట్టి తవ్వి అతనేసిన పైపు. పాత ఆసామి నోటి మాటగా సరే అన్నాడు. ఆ పైపుతోనే క్యాంపు బతుకుతోంది. అది కష్టం కాదు, అతని గొప్ప. వద్దనుకుంటూనే చూపించాడు.

అనిక ఒక్కో దగ్గర ఆగి ఫోటో తీసుకుంది. మొదట ప్రశ్నలడిగింది. తరవాత అడగడం మానేసింది. తిరిగి వచ్చేసరికి టీ చల్లారిపోయి మీగడ కట్టింది. ఆ పిల్ల దాన్ని ముట్టలేదు.

"అంకుల్" అంది, కారు తలుపు పట్టుకుని. "మీరు ఇవన్నీ నాకు ఎందుకు చూపించారు?"

"చూస్తావనే కదమ్మా."

ఆ పిల్ల కారులో కూచుని, స్టార్ట్ చేయకుండా కాసేపు స్టీరింగ్ పట్టుకుని ఉండిపోయింది. మన పిల్ల, మనసు కరిగింది అనుకున్నాడు సత్యం.

ఎర్ర కాగితాలు వచ్చిన రోజు బాదం చెట్లు దులపడం మొదలైంది. యంత్రం చెట్టు మొదలు పట్టుకుని ఊపితే కాయలు వానలా రాలి, దుమ్ము లేచి సూర్యుడు కనపడడు. ఆ దుమ్ములో కౌంటీ మనుషులు వచ్చి తలుపు తలుపుకీ అంటించి పోయారు. నివాసానికి పనికిరాదు. ఖాళీ చేయవలెను. కింద కారణాలు. కార్మెన్ తలుపు మీద కుళ్ళిన చెక్క. ముసలాయన తలుపు మీద మురుగు. సత్యం తలుపు మీద రేకుల వసారా. ఇక అందరి తలుపుల మీదా ఒకే మాట: తోట నీళ్ళు ఇళ్ళకు తెచ్చిన, అనుమతి లేని పైపు.

డొలోరెస్ తలుపు మీదా ఉంది. ఆమె తలుపు తీయకపోయినా పైపు ఆమె ఇంట్లోకీ వెళ్ళింది కదా.

ఆమె కాగితం పీకి, మడిచి, సత్యం దగ్గరకొచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాడు. కాగితం అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే అన్నం తినేవాడేమో.

"చూపిస్తే కనికరిస్తరన్నవ్ బాబాయ్" అన్నాడు రాకేష్, బంకు యూనిఫాంలో. "మంచిగ చూసిన్రు. కంట్లె వత్తులేస్కోని చూసిన్రు."

"ఊరుకోరా" అంది మంగతాయారు. "ఆయన్నని ఏం లాభం. ఆ పిల్ల... నా చేతి టీ తాగిందిరా."

ఆ ఆదివారం హరనాథ్ గారొచ్చారు. తోట కొన్న కంపెనీలో పెద్దాయన. ఎప్పుడో డెబ్బైల్లో ఇంజనీరుగా వచ్చి, రిటైరై, శాన్ రామన్‌లో గుడి కమిటీలో ఉన్నాడు. కారు దుమ్ము పడకుండా దూరంగా ఆపి నడిచొచ్చాడు. కింద కూచోమంటే కూచున్నాడు కూడా.

"చూడండి సత్యం గారూ, మనమంతా ఒకటే. మీ కష్టం నాకర్థం అవుతుంది. ఐ గ్రూ అప్ ఇన్ ఎ విలేజ్. కానీ ఇందులో నేను చేసిందేముంది? మీరే వెళ్ళి కౌంటీని పిలిచారు కదా."

సత్యం నేల చూశాడు.

"మేమైతే మిమ్మల్ని డిస్టర్బ్ చేసేవాళ్ళం కాదు. ఏదో స్లోగా వర్కవుట్ చేద్దామనుకున్నాం. ఇప్పుడిక మా చేతుల్లో కూడా లేదు. లా ఈజ్ లా. ట్రెయిలర్లకి చక్రాలున్నాయి కదండీ, తీసుకెళ్ళిపోవచ్చు."

"ఎక్కడికండీ?" అంది మంగతాయారు.

ఆయన లేచి, వెళ్తూ వెళ్తూ సత్యం భుజం తట్టాడు. అది చెప్పుదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

ఆయన కారు మలుపు తిరిగాక షెడ్డు దగ్గర మళ్ళీ జనం. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరికి వాళ్ళే మాట్లాడారు. నా చెక్క బాగు చేయించుకుంటా, నాకొదిలేస్తారేమో అంది కార్మెన్. నా మురుగు నేను పూడ్చుకుంటానన్నాడు ముసలాయన. వసారా పీకేద్దామంది మంగతాయారు.

"అదే కదా చేశాం" అంది డొలోరెస్. మొదటిసారి గొంతెత్తింది. "ఒక్కొక్కరం మన తలుపు ముందు నిలబడి మన కష్టం మనం చూపించుకున్నాం. వాళ్ళు ఒక్కొక్క తలుపుకీ ఒక్కొక్క కాగితం అంటించారు. ఇప్పుడు మళ్ళీ ఒక్కొక్కరం బాగు చేసుకుంటామా? పైపు ఎవరిది? చెప్పండి. పైపు ఎవరిది?"

కార్మెన్ చేతిలోని ఎర్ర కాగితం మడిచేసింది.

"అందరిదీ" అన్నాడు సత్యం, చాలా నెమ్మదిగా.

డొలోరెస్ అతని వైపు చూసి తలూపింది. కోపం తీరిందని కాదు. పని మొదలెడదామని.

గోదాం అనుమతి మీద విచారణ పెట్టిన రోజు మామూలు పనిదినం, పొద్దున. కోతలు ముమ్మరంగా ఉన్న వారం. ఆ వేళకి పనిలో లేనివాళ్ళు ఎవరంటే అనుమతి తేల్చే కమిషన్ మెంబర్లు, హరనాథ్ గారు, ఆయన లాయరు. క్యాంపు మొత్తం ఆ రోజు కూలి వదులుకుని వెళ్ళింది. రాకేష్ వ్యాను తోలి, షెరీఫ్ పోలీసు కార్లు కనిపించని దూరంలో పార్కింగ్‌లో ఆగిపోయాడు. "నేను లోపలికొస్తే నన్ను బయటికి గాదు, దేశం బయటికి పంపుతరు" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు.

మాట్లాడే చోట చిన్న దీపం. పచ్చగా ఉన్నంతసేపూ మాట్లాడొచ్చు, పసుపైతే ముగించాలి, ఎరుపైతే మైకు ఆగిపోతుంది. చైర్మన్ మంచివాడు. అందరికీ థాంక్స్ చెప్పాడు. ఇక్కడ నేల వాడకం గురించి మాత్రమే మాట్లాడాలనీ, ఇళ్ళ సంగతి వేరే శాఖదనీ ప్రతి మనిషికీ ఓపిగ్గా చెప్పాడు.

అనిక లేచి తన నివేదిక చదివింది. కాగితం మీంచి తలెత్తలేదు. డొలోరెస్ పక్కన చర్చి నుంచి వచ్చిన ఆమె స్పానిష్‌లో గొణుగుతూ చెప్తుంటే, డొలోరెస్ దాన్ని క్యాంపు భాషలో మంగతాయారుకు అందించింది. మొదట రాసిన నివేదికలో అక్కడ మనుషులు లేరు, కాబట్టి గోదాం వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. సవరించిన నివేదికలో మనుషులున్నారు, కానీ వాళ్ళను ఖాళీ చేయిస్తున్నారు, కాబట్టి గోదాం వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు.

"రెండు మాట్లూ ఒకటే చెప్పారుగా" అంది మంగతాయారు. "మరి పిల్లని అంత దూరం ఎండలో తిప్పటం ఎందుకు?"

డొలోరెస్ మాట్లాడింది. దీపం ఎర్రబడ్డా మాట్లాడింది. మైకు ఆగినా ఆ గొంతు ఆగలేదు. కార్మెన్ మాట్లాడింది. ముసలాయన పంజాబీలో మొదలుపెట్టి ఏడ్చాడు. అందరికీ థాంక్స్ చెప్పాడు చైర్మన్.

సత్యం వంతు వచ్చింది. మైకు ముందు నిలబడ్డాడు. దీపం పచ్చగా వెలిగింది. తల వంచుకుని కూచున్న అనికను చూస్తూ నిలబడ్డాడు. దీపం పసుపైంది. అప్పుడు తెలుగులో అన్నాడు.

"చూసిందే రాయమన్నానమ్మా నిన్ను. పైపు రాశావు. వైరు రాశావు. మురుగు వాసన రాశావు. టీ తాగావు కదా, అది రాశావా? ఇచ్చిన మనిషిని రాశావా? నువ్వు చూసిందంతా రాయలేదమ్మా."

దీపం ఎర్రబడింది.

"ఈయన ఏమన్నారు?" అని అడిగాడు చైర్మన్. "ఇక్కడ ఆ భాష తెలిసినవాళ్ళు ఎవరైనా?"

క్యాంపు వాళ్ళు కాక గదిలో ఆ భాష తెలిసినవాళ్ళు ఇద్దరు. హరనాథ్ గారు తన ఫోను చూసుకున్నారు. అనిక లేచి నిలబడింది.

"నివేదిక అసంపూర్తిగా ఉందంటున్నారు" అంది ఇంగ్లీషులో.

"నమోదు చేసుకున్నాం" అన్నాడు చైర్మన్. "థాంక్యూ సర్."

మెంబర్లు చేతులెత్తారు. ఒక్క చెయ్యీ తక్కువ కాలేదు. అనుమతి మంజూరైంది. తరవాతి అంశం ఎవరిదో గొడ్ల కొట్టం.

వ్యానులో తిరిగి వస్తున్నారు. దీని మీద అప్పీలుంది, కౌంటీని ఏలే సూపర్‌వైజర్ల దగ్గరికి పోవచ్చు అని డొలోరెస్ ఒకసారి అంది. కానీ ఆ పెద్ద గదిలో కూడా అదే దీపం ఉంటుందని అందరికీ తెలుసు. వ్యాను రోడ్డు దిగి క్యాంపులోకి తిరిగేటప్పుడు పసుపు బోర్డు వీపు ఎప్పటిలాగే కనిపించింది. ఒట్టి చెక్క, మేకు మొనలు.

"ఆపరా" అన్నాడు సత్యం.

దిగి, తోట షెడ్డులోంచి గడ్డపార తెచ్చుకున్నాడు. బోర్డు వెనక నిలబడి మేకు పెరకడం మొదలుపెట్టాడు. ముసలాయన వచ్చి బోర్డు అంచు పట్టుకున్నాడు. కార్మెన్ ఇంకో అంచు పట్టుకుంది. బోర్డు ఊడింది. సత్యం దాన్ని తిప్పాడు. పసుపు ముఖం క్యాంపు వైపుకొచ్చింది, చెక్క వీపు రోడ్డు వైపుకి. మళ్ళీ మేకులు కొట్టారు.

"ఇప్పుడు మనం చదువుకోవచ్చు" అంది మంగతాయారు. "ఆళ్ళ నోటీసు మనకి."

"రోడ్డు దిక్కు ఖాళీగ ఉంది పిన్నీ" అన్నాడు రాకేష్. బంకుకి పరిగెత్తి, పార్కింగ్ గీతలు గీసే తెల్ల రంగు డబ్బా పట్టుకొచ్చాడు.

ఏం రాయాలన్నదాని మీద కాసేపు కీచులాట. కష్టాలన్నీ రాద్దామన్నారు ఎవరో. వద్దంది డొలోరెస్. కష్టాలు ఒకసారి చూపించాం, చాలు. ఒకటే మాట రాయాలి. స్పానిష్‌లో ఆమె రాసింది. పంజాబీలో ముసలాయన రాశాడు. ఇంగ్లీషులో రాకేష్ రాశాడు. తెలుగులో మంగతాయారు రాసింది, ఏడో తరగతి అక్షరాలు, గుండ్రంగా: ఇక్కడ మేము ఉంటున్నాము.

ఎవరో ఫోను చేసి ఉంటారు. షెరీఫ్ కార్లు రెండు వచ్చాయి. ప్రభుత్వ నోటీసును తారుమారు చేయడం నేరమన్నాడు అందులోంచి దిగిన డిప్యూటీ. ఎవరు చేశారని అడిగాడు.

"నేను" అంది డొలోరెస్.

"నేను" అంది కార్మెన్. పంజాబీ ముసలాయన కూడా నేనన్నాడు. రాకేష్ ఒక అడుగు ముందుకేశాడు. సత్యం చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు వెనక్కెళ్ళు."

"బాబాయ్, నేను గూడ..."

"వెనక్కెళ్ళరా. పిన్నిని చూసుకో."

గడ్డపార సత్యం చేతిలో ఉంది. డిప్యూటీకి ఆ ఒక్కటి చాలు. చేతులు వెనక్కి విరిచి బేడీలేశారు. మంగతాయారు ఏడవలేదు. "ఆయనకి మోకాలు నొప్పి, నెమ్మదిగా ఎక్కించండయ్యా" అంది తెలుగులో, వాళ్ళకర్థం కాదని తెలిసీ.

సత్యాన్ని ఎక్కించిన కారు కదిలి రోడ్డెక్కింది. ముందుకు పోలేదు. డొలోరెస్ వెళ్ళి రోడ్డు మీద కూచుంది. కోతల దుమ్ము పట్టిన ఆ లావుపాటి మనిషి, కాళ్ళు బారజాపుకుని, తన వాకిట్లో కూచున్నట్టు కూచుంది. ఆమె పక్కన మంగతాయారు కూచుంది. తరవాత కార్మెన్. తరవాత క్యాంపు.

ఇటు కార్లు ఆగాయి, అటు కార్లు ఆగాయి. ఆ రోడ్డు మీద కార్లు ఆగడం సత్యం చూడలేదెప్పుడూ. హారన్లు మోగాయి. వాటి వెనక పప్పు ఏరే ఫ్యాక్టరీ నుంచి షిఫ్టు దిగిన జనంతో పాత వ్యాన్లు వచ్చి ఆగాయి. తోటలు దులిపి వస్తున్న వాళ్ళ పికప్పులు ఆగాయి. జనం దిగారు. చేయడానికి ఇంకేమీ లేక, రోడ్డు పక్కనున్నది చదివారు.

కొత్తగా ఇంకో రెండు షెరీఫ్ కార్లు సైరన్ వేసుకుని వస్తున్నాయి. ఇంకాసేపట్లో అందరినీ లేవదీస్తారు. ఎర్ర కాగితాలు తలుపుల మీద అలాగే ఉన్నాయి. గోదాం కాగితం మీద సంతకం ఆరిపోయింది. రేపటి నీళ్ళకే దిక్కు లేదు. అవన్నీ వెనక సీట్లో కూచున్న సత్యానికి తెలుసు.

కారు అద్దంలోంచి బోర్డు కనిపించింది. ఇన్నాళ్ళూ దాన్ని వెనక నుంచే చూశాడు. రోడ్డు మీద ఆగిన కారులోంచి చదవడం ఇదే మొదలు. తాయారు 'ఉ' చెక్క అంచు దాకా పోయి వంకర తిరిగింది.

ఒక వ్యానులోంచి నడివయసు మనిషి దిగి డొలోరెస్ దగ్గరకొచ్చింది. పక్కన టమాటా పొలాల వైపు క్యాంపులో ఉంటుందట. వంగి ఏదో అడిగింది. దించి ఉన్న ముందు కిటికీలోంచి ఆ మాట సత్యానికి వినపడింది. తోట భాషే, అర్థమైంది.

"మేము కూడా మ్యాపులో లేం. ఆ చెక్క ఎక్కడ దొరుకుతుంది?"